తుమ్మాలంటే భయం... గర్భసంచి తీయించుకోమంటున్నారు

ప్రశ్న: మేడం గారూ, నాకు 42 ఏళ్ళు. గవర్నమెంట్ స్కూల్లో టీచర్‌ని. ఇద్దరు పిల్లలు, రెండూ నార్మల్ కాన్పులే. మొదటిసారి బాబు 3.8 కిలోలు పుట్టాడు, కుట్లు చాలా పడ్డాయి. మూడేళ్ళుగా దగ్గినా తుమ్మినా కొంచెం యూరిన్ పడిపోతోంది. ఈ మధ్య ఇంకోటి మొదలైంది. స్కూల్ నుంచి వచ్చి తలుపు తాళం తీసేలోపే ఆగడం లేదు. సాయంత్రానికి కింద బరువుగా, ఏదో జారుతున్నట్టు ఉంటోంది. స్కూల్లో బాత్రూం బాగుండదు, అందుకని అక్కడ నీళ్ళు తాగడమే మానేశాను. పీరియడ్స్ మామూలుగానే వస్తున్నాయి. మా ఆయనకి కూడా ఈ సంగతి చెప్పలేదు. మా పెద్దాడపడుచు "గర్భసంచి తీయించేసుకో, పీడా పోతుంది, నేనూ అదే చేశా" అంటోంది. స్కానింగ్ చూసిన డాక్టర్ గారు చిన్న గడ్డ ఉంది, తీసేద్దాం అన్నారు. మా చెల్లెలేమో ఫిజియోథెరపీకి వెళ్ళమంటోంది. అది మోకాళ్ళకి కదా? యూట్యూబ్‌లో చూసి, కింది కండరాలు బిగించి వదిలే కీగెల్ వ్యాయామాలు రెండు వారాలు చేశాను, ఏమీ తేడా లేదు. ఆపరేషన్ చేయించుకోవాలా?
— ఒక సోదరి, ప్రకాశం జిల్లా

జవాబు: ముందు మీ ఆఖరి ప్రశ్నకే వస్తాను. మీరు రాసినదాన్ని బట్టి గర్భసంచి తీసేయాల్సిన కారణం నాకు ఒక్కటి కూడా కనిపించలేదు. నేను మిమ్మల్ని పరీక్ష చేయలేదు కాబట్టి ఇంకో గైనకాలజిస్ట్‌కి ఒకసారి చూపించుకోండి. అప్పటిదాకా ఆపరేషన్‌కి డేట్ మాత్రం ఇవ్వకండి.

మీకు కారుతున్నది మూత్రం. అది ఉండేది మూత్రాశయంలో. దాన్ని పట్టి ఉంచేవి కింద ఉన్న కండరాలు. గర్భసంచి మధ్యలో ఉందనే గానీ, ఈ లీకుకి దాన్ని తప్పు పట్టడానికి లేదు. గర్భసంచిలో వచ్చే ఫైబ్రాయిడ్ అనే గడ్డలు మీ వయసులో చాలామందికి ఉంటాయి. చిన్నవై ఉండి, బ్లీడింగ్, నొప్పి లేకపోతే వాటిని కనిపెట్టుకుని ఉంటే చాలు. క్యాన్సర్ అయినా, మందులకి లొంగని బ్లీడింగ్ అయినా, పెద్ద గడ్డలైనా, గర్భసంచి పూర్తిగా బయటికి జారినా అప్పుడు ఆపరేషన్ మాట వేరు.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద 3.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. మన దగ్గరి ఆడవాళ్ళకి మాత్రమే అన్ని జబ్బులు ఎక్కువ వస్తాయా? తెల్లబట్ట అయితే తీసేయడం, నడుంనొప్పి అయితే తీసేయడం, "పిల్లలు పుట్టేశారుగా, ఇక దాంతో పనేముంది" అనడం. ఈ ధోరణి బాగా ముదిరాకే 2022లో కేంద్ర ఆరోగ్యశాఖ అనవసరపు గర్భసంచి ఆపరేషన్లను ఆపడానికి మార్గదర్శకాలు ఇచ్చింది. వాటిని అమలు చేయమని 2023లో సుప్రీంకోర్టు రాష్ట్రాలకి చెప్పింది. గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీసేస్తే మెనోపాజ్ ఒక్కసారిగా మీద పడుతుంది, ఎముకలు త్వరగా బలహీనపడతాయి. లీకు తగ్గుతుందన్న గ్యారంటీ అయినా లేదు. కొందరికి ఆ తర్వాతే ఎక్కువవుతుంది.

ఇక ఆ కండరాల సంగతి. నులక మంచం చూసే ఉంటారు. కొత్తలో బిగువుగా ఉంటుంది. రోజూ పడుకోగా పడుకోగా మధ్యలో గుంట పడుతుంది. మంచం పారేయం, కాళ్ళ వైపు తాడు లాగి మళ్ళీ బిగిస్తాం. మీ పొత్తికడుపు అడుగున, ముందు ఎముక నుంచి వెనక తోక ఎముక దాకా, అలాంటి అల్లికే ఒకటి ఉంది. దాన్నే పెల్విక్ ఫ్లోర్ అంటాం. మూత్రాశయం, గర్భసంచి, మలాశయం, మూడూ దాని మీదే ఆనుకుని ఉంటాయి. తొమ్మిది నెలలు బరువు మోసి, 3.8 కిలోల బిడ్డకి దారి ఇచ్చి, చిరిగి, కుట్లు పడి, మళ్ళీ రెండో కాన్పు కూడా చూసిన అల్లిక మీది. మోకాలి చుట్టూ ఉన్నదీ కండరమే, ఇదీ కండరమే. మీ చెల్లెలు సరిగ్గానే చెప్పింది.

మీ ఉత్తరంలో మూడు వేరువేరు ఇబ్బందులు ఉన్నాయి, అన్నీ ఒకేలా కుదరవు.

దగ్గితే, తుమ్మితే, నవ్వితే, బిందె ఎత్తితే కారేది ఒక రకం. పొట్టలో ఒత్తిడి ఒక్కసారిగా పెరుగుతుంది, కింద కండరం అంత వేగంగా బిగుసుకోదు, రెండు చుక్కలు జారిపోతాయి. దీనికి మొదటి వైద్యం కండరాల వ్యాయామమే. బ్రిటన్‌లో డాక్టర్లు పాటించే నైస్ మార్గదర్శకాలు కూడా కనీసం మూడు నెలలు, ఒకరి పర్యవేక్షణలో, రోజుకి మూడుసార్లు, ప్రతిసారీ కనీసం ఎనిమిది బిగింపులు చేయమంటాయి. మీరు చేసింది రెండు వారాలు. రెండు వారాల్లో జిమ్‌కి వెళ్ళినవాడి చెయ్యి కూడా లావెక్కదు.

తాళం తీసేలోపు ఆగకపోవడం రెండో రకం. ఇక్కడ కండరం ఒక్కటే కాదు, మూత్రాశయానికి పట్టిన అలవాటు కూడా ఉంది. "ఇల్లు వచ్చింది, తాళంచెవి చేతికొచ్చింది, ఇక వెళ్ళొచ్చు" అని మెదడు నేర్చేసుకుంటుంది, నిండకుండానే తొందర పెడుతుంది. ఆ క్షణంలో అందరూ చేసేది పరుగు. పరిగెత్తకండి. తాళంచెవి చేతిలో పట్టుకునే గుమ్మం దగ్గర కదలకుండా నిలబడండి. కింది కండరాలని గబగబా ఐదారుసార్లు బిగించి వదలండి, ఊపిరి మామూలుగా పీల్చండి. ఆ తొందర అలలాగా వచ్చి తగ్గుతుంది. తగ్గాక తాళం తీసి నడుచుకుంటూ వెళ్ళండి. మొదటి వారం ఓడిపోతారు, ఫరవాలేదు. దీనితో పాటు, వెళ్ళాలనిపించిన వెంటనే వెళ్ళకుండా పది నిమిషాలు, తర్వాతి వారం ఇంకో పది నిమిషాలు పెంచుకుంటూ పోవాలి. కనీసం ఆరు వారాలు పడుతుంది. బయల్దేరే ముందు "ఎందుకైనా మంచిది" అని రాకపోయినా వెళ్ళొచ్చే అలవాటు ఉంటే, దాన్నీ తగ్గించండి.

మూడోది, సాయంత్రం బరువు. పొద్దున బాగానే ఉండి, రోజంతా నిలబడి పాఠాలు చెప్పాక ఎక్కువవుతోందంటే, లోపలి అవయవం ఏదో కాస్త కిందికి దిగి ఉండొచ్చు. ఊళ్ళలో అన్నిటికీ "గర్భసంచి జారింది" అనేస్తారు గానీ, ముందు గోడలోంచి మూత్రాశయం దిగొచ్చు, వెనక గోడలోంచి మలాశయం దిగొచ్చు. ఏది, ఎంత దిగిందో గైనకాలజిస్ట్ పరీక్ష చేసి చెప్పాలి. స్కానింగ్ కాగితం చూసి తేల్చేది కాదు ఇది. నాలుగు దశల్లో మొదటి రెండింటికీ ముందు వ్యాయామమే చేయిస్తారు, కనీసం 16 వారాలు. ఇంకా కిందికి ఉంటే పెస్సరీ అనే సిలికాన్ రింగు లోపల పెట్టించుకుని హాయిగా తిరిగేవాళ్ళు ఉన్నారు. మన డాక్టర్లు దాని మాట చాలా తక్కువగా ఎత్తుతారు, మీరే అడగండి.

రెండు వారాలే కాదు, మీరు ఆ వ్యాయామం తప్పుగా చేసి ఉండొచ్చని కూడా నా అనుమానం. నా దగ్గరికి వచ్చి "కీగెల్ చేస్తున్నానండీ" అన్నవాళ్ళని ఒకసారి చేసి చూపించమంటాను. వెంటనే ఊపిరి బిగబడుతుంది, పిరుదులు గట్టిపడతాయి, పొట్ట ముందుకి పొంగుతుంది. కండరం పైకి లేవాల్సింది పోయి కిందికి తోసుకొస్తుంది. రోజూ వంద చేసినా అది ముక్కడమే అవుతుంది, ఉన్న బలం కూడా పోతుంది. ఆర్నాల్డ్ కీగెల్ అనే అమెరికన్ గైనకాలజిస్ట్ 1948లో దీని గురించి రాసినప్పుడు కూడా నోటిమాటగా చెప్పి పంపలేదు. పెరినియోమీటర్ అని ఒత్తిడి కొలిచే పరికరం పెట్టి, ఎంత బిగిస్తున్నారో ఆడవాళ్ళకే చూపించేవాడు. ఆయన పేరు మిగిలింది, ఆ చూపించడం మాత్రం పోయింది.

ఇంట్లో ఇలా ప్రయత్నించండి. వెల్లకిలా పడుకుని మోకాళ్ళు మడవండి. నలుగురిలో ఉన్నప్పుడు గ్యాస్ రాకుండా ఆపుకుంటాం కదా, ముందు వెనక భాగాన్ని అలా బిగించండి. ఆ బిగింపునే ముందుకి, మూత్రం ఆపుకున్నట్టుగా తెచ్చి, మొత్తం లోపలికి పైకి లాగండి. పైకి ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టండి. మాట వస్తోందంటే ఊపిరి బిగబట్టలేదన్నమాట. తర్వాత పూర్తిగా వదిలేయండి. వదలడానికి కూడా అంతసేపు ఇవ్వాలి, చాలామంది ఈ సగం మర్చిపోతారు. మూడు సెకన్లతో మొదలుపెట్టి మెల్లగా పది దాకా పెంచండి. సరిగ్గా చేస్తున్నారో లేదో చిన్న అద్దం పెట్టి చూసుకోవచ్చు. యోనికీ మలద్వారానికీ మధ్య చర్మం లోపలికి పోవాలి, బయటికి ఉబ్బితే వెంటనే ఆపేయండి. మూత్రం పోసేటప్పుడు మధ్యలో ఆపి ప్రాక్టీస్ చేయమని కొందరు చెప్తారు, అది మాత్రం చేయకండి. మూత్రాశయం పూర్తిగా ఖాళీ కాకుండా పోతుంది.

కాస్త పట్టు దొరికాక ఇంకో చిన్న ఉపాయం. తుమ్ము వస్తోందని ముక్కులో తెలిసిన క్షణంలోనే కింద బిగించి, అప్పుడు తుమ్మండి. క్లాసులో నల్లబల్ల వైపు తిరిగి ఉన్నా ఎవరికీ తెలియదు.

ఇక్కడ ఒక హెచ్చరిక, ఇది మీకంటే ఈ పేజీ చదివే మిగతా అమ్మాయిలకి ఎక్కువ. కొందరి కండరాలు వదులుగా ఉండవు, ఎప్పుడూ బిగుసుకుపోయే ఉంటాయి. భర్తతో కలిసినప్పుడు విపరీతమైన నొప్పి, మూత్రం మొదలవడానికి ఆలస్యం, ఎంత ముక్కినా మోషన్ రాకపోవడం, తోక ఎముక దగ్గర సలుపు. వీళ్ళు కీగెల్ చేస్తే ముడిపడ్డ తాడుని ఇంకా లాగినట్టే. వీళ్ళకి కావాల్సింది వదలడం నేర్చుకోవడం. పొట్ట నిండా ఊపిరి తీసుకోవడం, తొడలు, తుంటి సాగదీయడం, చేత్తో కండరాన్ని మెత్తబరచడం. పెళ్ళయి ఏళ్ళు గడిచినా కలయిక కుదరక, "అమ్మాయికి ఇష్టం లేదేమో" అన్న మాటలు పడి, చివరికి ఫిజియో దగ్గర తేలిన కేసులు చూశాను. తప్పు ఎవరిదీ కాదు, కండరం భయపడి బిగుసుకుంటోంది, అంతే.

మీకు వదులు ఎంత, బిగుతు ఎంత అన్నది చూస్తేనే తెలుస్తుంది. అందుకే ఫిజియోథెరపిస్ట్ దగ్గరికి వెళ్ళమంటున్నాను. మొదటిసారి వెళ్తే సగం టైం మాటలకే పోతుంది. కాన్పులు, కుట్లు, మలబద్ధకం, దగ్గు, వాడే మందులు, ఉద్యోగం. బీపీకి ఎనలాప్రిల్, రామిప్రిల్ లాంటివి వాడుతూ పొడిదగ్గు పట్టుకుని, ఆ దగ్గు వల్లే లీకు పెరిగినవాళ్ళు ఉంటారు. అలాంటప్పుడు డాక్టర్‌ని అడిగి మాత్ర మార్పిస్తే సగం సమస్య తీరుతుంది. తర్వాత నడుము, పొట్ట, ఊపిరి తీరు చూస్తారు. కింది కండరం బలాన్ని సున్నా నుంచి ఐదు దాకా మార్కులేసి చెప్తారు, టీచర్ కదా మీకు ఇది నచ్చుతుంది. అందుకోసం గ్లవ్స్ వేసుకుని ఒక వేలితో లోపల పరీక్ష చేయాల్సి రావొచ్చు. ముందే వివరించి, మీరు సరేనన్నాకే చేయాలి. వద్దంటే వద్దు, బయటి నుంచి చూసి కూడా మొదలుపెట్టొచ్చు. పక్కన చెల్లెలిని ఉంచుకోవచ్చు. అడగకుండా ముట్టుకునేవాళ్ళ దగ్గర లేచి వచ్చేయండి, మొహమాటం వద్దు.

ఎవరి దగ్గరికి? బీపీటీ, అంటే ఫిజియోథెరపీ డిగ్రీ, చదివినవాళ్ళందరూ ఈ పని చేయరు. ఆ పైన పీజీ, అంటే ఎంపీటీలో స్త్రీల ఆరోగ్యం లేదా ప్రసూతి విభాగం చదివినవాళ్ళని, లేదంటే పెల్విక్ ఫ్లోర్‌లో విడిగా శిక్షణ తీసుకున్నవాళ్ళని వెతకండి. ఫోన్‌లో "యూరిన్ లీకేజీకి పెల్విక్ ఫ్లోర్ పరీక్ష చేస్తారా?" అని సూటిగా అడగండి. వెళ్ళగానే కరెంటు మెషిన్ పెట్టి పడుకోబెట్టి, పరీక్షా లేకుండా ప్యాకేజీ కట్టమంటే అది మీకు కావాల్సిన చోటు కాదు. జిల్లాల్లో ఇలాంటివాళ్ళు ఇంకా తక్కువే. విజయవాడ, గుంటూరు, హైదరాబాద్ లాంటి చోట్ల ఒకసారి చూపించుకుని, తర్వాత వీడియో కాల్‌లో కొనసాగించినా సరిపోతుంది.

వెళ్ళేలోపు మూడు రోజులు డైరీ రాయండి. వంటింట్లో ఒక కొలత జగ్గు దీనికి కేటాయించేయండి. ఎన్నింటికి ఏం తాగారు, ఎన్నింటికి ఎంత పోశారు, ఎప్పుడు కారింది. మీది నేను ఇక్కడి నుంచే ఊహించగలను: పొద్దున ఆరింటికి టీ, ఏడింటికి ఇంకో టీ, ఎనిమిది నుంచి నాలుగున్నర దాకా రెండు గుక్కలు, ఇంటికొచ్చి గడగడా రెండు గ్లాసులు. మూత్రాశయానికి దీనికంటే పెద్ద శిక్ష లేదు. నీళ్ళు తగ్గిస్తే మూత్రం చిక్కబడుతుంది, ఇన్ఫెక్షన్లు వస్తాయి, మోషన్ గట్టిపడుతుంది. ముక్కిన ప్రతిసారీ మీ నులక ఇంకాస్త వదులవుతుంది. రోజు మొత్తానికి లీటరున్నర నుంచి రెండు లీటర్లు, కొంచెం కొంచెంగా సర్దుకుని తాగండి. రెండో టీ మానేయండి. మూడు నాలుగు గంటలకోసారి వెళ్ళడం మామూలు సంగతి, స్కూల్లో ఒక్కసారైనా వెళ్ళక తప్పదు. బాత్రూంకి గడియ, బకెట్, నీళ్ళు కావాలని హెడ్మాస్టర్‌ని అడగండి, అక్కడ చదివే ఆడపిల్లలకీ అదే బాత్రూం గతి.

ఇంట్లో వెస్ట్రన్ కమోడ్ అయితే కాళ్ళ కింద చిన్న పీట వేసుకోండి, ముక్కే పని తగ్గుతుంది. కాన్పు కాగానే పొట్టకి గుడ్డ బిగించి కట్టి, బాలింతకి నీళ్ళు ఇవ్వకుండా పత్యం పెట్టే అలవాటు ఇంకా కొన్ని ఇళ్ళలో ఉంది. బిగించిన గుడ్డ ఒత్తిడిని కిందికి తోయొచ్చు, నీళ్ళు లేక మలబద్ధకం. ఇంకో పదేళ్ళ తర్వాత ఆ అమ్మాయి మీలాగే ఉత్తరం రాస్తుంది.

ఫిజియో కంటే ముందు చేయించాల్సినవి రెండు: యూరిన్ టెస్ట్, షుగర్ టెస్ట్. ఇన్ఫెక్షన్ ఉన్నా, షుగర్ ఉన్నా ఇవే లక్షణాలు కనిపిస్తాయి. మూత్రంలో రక్తం కనిపించినా, జ్వరంతో మంట వచ్చినా, మూత్రం అసలు రాకపోయినా, ముట్లు ఆగిపోయిన ఏడాది తర్వాత బ్లీడింగ్ అయినా ఆలస్యం చేయకుండా డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి. నడుంనొప్పితో పాటు కూర్చునే చోట తిమ్మిరెక్కి, మూత్రం మీదా మోషన్ మీదా పట్టు తప్పితే అది ఎమర్జెన్సీ, అదే రోజు ఆస్పత్రిలో ఉండాలి.

నాలుగైదు నెలలు ఒళ్ళొంచి చేశాక కూడా లీకు బాధపెడుతుంటే, అప్పుడు యూరాలజిస్ట్‌తో మాట్లాడొచ్చు. తొందర పెట్టే రెండో రకానికి మాత్రలున్నాయి. దగ్గితే, తుమ్మితే కారే మొదటి రకానికి మూత్రనాళం కింద చిన్న పట్టీ వేసే ఆపరేషన్ ఉంది. అందులోనూ గర్భసంచి తీయరు.

మీ వారికి చెప్పడం మీ ఇష్టం. అయితే రోజుకి మూడుసార్లు పది నిమిషాలు పడుకుని ఏం చేస్తున్నావని ఎలాగూ అడుగుతారు. చెప్పేయడమే తేలిక. ప్రోస్టేట్ ఆపరేషన్ అయిన మగవాళ్ళకి కూడా ఇదే లీకు వస్తుంది, వాళ్ళతోనూ మేం ఇవే వ్యాయామాలు చేయిస్తాం.

ఇంకొక్క సంగతి. మీ పెద్దాడపడుచుతో వాదన పెట్టుకోకండి. ఇద్దరే ఉన్నప్పుడు మెల్లగా ఒక్క మాట అడగండి: "ఆపరేషన్ అయ్యాక నీకు తుమ్మితే ఏమీ అవడం లేదా, వదినా?" అని. ఆవిడ కాసేపు మాట్లాడకుండా ఉంటే, ఫిజియో దగ్గరికి వెళ్ళేటప్పుడు ఆవిడని కూడా తీసుకెళ్ళండి. గర్భసంచి పోయినా ఆ కండరాలు ఆవిడకి ఇంకా ఉన్నాయి.